కోరంగీ కూలీకి ఒక పేజీ

యాంగోన్‌లో పన్సోడాన్ వీధి కాలిబాట మీద పాత పుస్తకాలు పరిచి అమ్మేవాళ్ల దగ్గర ఇంకేం దొరికినా దొరక్కపోయినా జార్జ్ ఆర్వెల్ ‘బర్మీస్ డేస్’ మాత్రం దొరుకుతుంది. చాలావరకు జెరాక్స్ కాపీలే. అట్ట కూడా జెరాక్సే. అలాంటి కాపీ ఒకటి ముందు పెట్టుకుని, పక్క సందులో టీకొట్టు పొట్టి స్టూళ్ల మీద కూర్చుని ఇద్దరు తెలుగువాళ్లు వాదించుకున్నారు. మావయ్య ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ఆదివారాలు గుడిలో పిల్లల చేత తెలుగు అక్షరాలు దిద్దిస్తాడు. వరసకు మేనకోడలయ్యే అమ్మాయి విశాఖపట్నం నుంచి చుట్టపుచూపుగా వచ్చింది, తెలుగు వికీపీడియాలో వ్యాసాలు రాస్తుంది. 1941 డిసెంబరులో ఈ ఊరి మీద, అప్పటి రంగూన్ మీద, జపాను బాంబులు పడ్డాక ఆమె ముత్తాతలు కాలినడకన ఇండియా దారి పట్టారు, ఈయన తాతలు ఇక్కడే ఆగిపోయారు. వాళ్ల మాటలు విన్నవి విన్నట్టు రాస్తున్నాను. ఒకచోట మాత్రం ఊరుకోలేక నా మాటా కలిపాను.

మేనకోడలు: ఇందులో డాక్టర్ వీరాస్వామి ఉన్నాడు కదా మావయ్యా, సివిల్ సర్జను, జైలు సూపరింటెండెంటు. పేరు చూస్తే మన దక్షిణాది మనిషే. ఆర్వెల్ ఈ దేశంలో 1922 నవంబరు నుంచి 1927 జూలై దాకా ఉన్నాడు. పోలీసు అధికారిగా సిరియంలో, ఇన్‌సీన్‌లో, మౌల్‌మీన్‌లో, కాథాలో పనిచేశాడు. అక్కడ తారసపడ్డ మనుషుల్నే కదా నవలలో పెట్టింది! వాళ్లెవరో తేల్చి, ఒక్కొక్కరికీ విజ్ఞాన సర్వస్వంలో ఒక పేజీ పెట్టాలని నా కోరిక.

మావయ్య: పెట్టి ఏం రాస్తావు? ‘ఈయన ఫలానా పాత్రకు మూలం’ అనా? అది ఆయన గురించి రాసినట్టా, నవల గురించి రాసినట్టా?

మేనకోడలు: లోకమంతా అలాగే రాస్తోంది. రాబిన్సన్ క్రూసోకు మూలమని అలెగ్జాండర్ సెల్కర్క్‌కు పేజీ ఉంది. షెర్లాక్ హోమ్స్‌కు మూలమని ఎడింబరో డాక్టరు జోసెఫ్ బెల్‌కు ఉంది.

మావయ్య: వాళ్ల సంగతి వేరు. సెల్కర్క్ పసిఫిక్ దీవిలో నాలుగేళ్లకు పైగా ఒంటరిగా బతికాడు. అతన్ని ఓడెక్కించుకుని వచ్చిన వుడ్స్ రోజర్స్ 1712లోనే ఆ సంగతి అచ్చు వేశాడు. క్రూసో వచ్చింది 1719లో. అంటే నవల రాకపోయినా సెల్కర్క్ ఉన్నాడు. బెల్ కూడా అంతే. పేరున్న సర్జను, కోనన్ డాయిల్‌కు పాఠం చెప్పిన గురువు. కథను పక్కన పెట్టినా నిలబడే మనిషికి పుట పెట్టు, నేను కాదనను. కథ లేకపోతే లేకుండా పోయే మనిషికి పెట్టకు.

మేనకోడలు: మరి ఆలిస్ లిడెల్? ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కాలేజీ డీన్ కూతురు. 1862లో పడవ షికారుకు వెళ్లి, కథ చెప్పమని మారాం చేసిన పదేళ్ల పిల్ల. ఆ కథే ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ అయింది. ఎనభయ్యో ఏట, 1932లో, ఆవిడను న్యూయార్కు పిలిపించి కొలంబియా యూనివర్సిటీవాళ్లు గౌరవ డాక్టరేటు ఇచ్చారు. ఏం చేసిందని? కథ విన్నదని. ఆ కథ లేకపోతే ఆవిడా లేదు. అయినా పేజీ ఉంది, ఎవరూ అడ్డు చెప్పలేదు. డీన్‌గారి అమ్మాయికి ఒక న్యాయం, మన కోరంగీ కూలీకి ఇంకో న్యాయమా?

మావయ్య: కోరంగీ కూలీ మధ్యలో ఎక్కణ్ణుంచి వచ్చాడు?

మేనకోడలు: ఆర్వెల్ 1936లో రాసిన ‘షూటింగ్ యాన్ ఎలిఫెంట్’ నుంచి. మౌల్‌మీన్‌లో మదమెక్కిన ఏనుగు గొలుసు తెంపుకుని బజార్లో పడుతుంది. ఒక కూలీని తొక్కి చంపుతుంది. ఆర్వెల్ వెళ్లేసరికి ఆ మనిషి బురదలో బోర్లా పడి ఉంటాడు, చేతులు చాపి, తల ఒక పక్కకు మెలితిరిగి. ఏనుగు కాలి కింద వీపు చర్మమంతా లేచిపోయి ఉంటుంది. ద్రావిడ కూలీ అని రాశాడు, పేరు రాయలేదు. ఆ తరవాత ఏనుగును కాలుస్తాడు. చివర్లో దొరల మధ్య వాదన. కుర్ర దొరలేమో ఒక కోరంగీ కూలీ చచ్చాడని అంత ఖరీదైన జంతువును చంపడమేమిటంటారు. కాల్చినవాడికేమో ఆ కూలీ చావడమే నయమనిపిస్తుంది, చట్టం తన పక్షాన ఉండటానికి శవం ఒకటి దొరికింది కనక. ఎన్నో దేశాల్లో పిల్లలు ఆ వ్యాసాన్ని పాఠంగా చదువుతారు. అందులో పోయింది మనవాడు మావయ్యా. కాకినాడ పక్కన కోరంగి రేవు. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లందరికీ ఇక్కడ ఆ రేవు పేరే పెట్టారు.

మావయ్య: ఆ పేరు గురించి నాకు చెప్పకమ్మా. చిన్నప్పుడు బళ్లో నన్ను పిలిచిన పేరే అది. సరే, విన్నాను. ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ కూలీ నిజంగా చచ్చిపోయాడా?

మేనకోడలు: అదేమిటి?

మావయ్య: ఆ ఏనుగు కథ జరిగిందా లేదా అని ఆర్వెల్ జీవితచరిత్ర రాసిన బెర్నార్డ్ క్రిక్‌కే సందేహం. 1926 మార్చిలో ‘రంగూన్ గెజెట్’లో ఒక వార్త పడింది. యమేథిన్ వైపు ఒక ఏనుగు గ్రామస్థుణ్ణి చంపిందనీ, మేజర్ కెన్నీ అనే అధికారి దాన్ని కాల్చాడనీ. ఆర్వెల్ కథ ఆ వార్తలోంచి పుట్టిందే అయితే ఏనుగూ నిజమే, చావూ నిజమే, కానీ కాల్చింది వేరేవాడు, చచ్చింది వేరేవాడు. అప్పుడు నీ కోరంగీ కూలీ ఎవరు? కాగితం మీద పుట్టి కాగితం మీదే పోయినవాడు. అతనికి పుట్టిన ఊరు ఏం వేస్తావు? తండ్రి పేరు ఏం వేస్తావు?

మేనకోడలు: అతను కాకపోతే అతనిలాంటివాడు. రేవుల్లో, మిల్లుల్లో అలా పోయినవాళ్లు ఎంతమంది లేరు!

మావయ్య: ‘లాంటివాడు’ కథకుడి మాట. కథకుడికి అది చాలు, విజ్ఞాన సర్వస్వానికి చాలదు. అక్కడ ఫలానావాడే కావాలి. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి, మూడు సంపుటాలు వేసినా ‘అ’ దాటకుండానే 1923లో పోయారు. ఎందుకు దాటలేదు? ప్రతి ముక్కా తేల్చుకుని రాశారు కనక. ఆయన ‘క’ దాకా వచ్చి ఉంటే కోరంగి కింద రేవు గురించి రాసేవారు, వలస గురించి రాసేవారు. ఎవరో దొర చూశానన్న శవం గురించి రాసేవారు కాదు.

మేనకోడలు: మీరు ఇంత గట్టిగా ఎదురు చెబుతారని అనుకోలేదు. మీ ఇంటివాళ్లే కోరంగీలు.

మావయ్య: అందుకే చెబుతున్నాను. మా తాత రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. ఓడ ఖర్చులకు మేస్త్రీ దగ్గర చేసిన అప్పు తీరడానికే ఏళ్లు పట్టింది. 1930 మేలో గాంధీగారిని అరెస్టు చేశారని రేవులో మనవాళ్లు పని మానేశారు. అది కూలి పెంచమనే సమ్మెగా మారింది. కంపెనీలవాళ్లు మన బదులు బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తీరగానే వాళ్లను పొమ్మన్నారు. 26వ తారీకున రేవులో కొట్లాట మొదలైంది. పొట్టకూటికోసం నిలబడ్డ రెండు పేద జాతులు ఒకదాన్నొకటి నరుక్కున్నాయి. వంద మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది మనవాళ్లు. తాత ఒక అటక మీద దాక్కుని బతికాడు. ఆయన్ని ఎవరో నవలలో పెట్టారనుకో. ‘ఫలానా పాత్రకు మూలం’ అని నువ్వు పుట పెడితే నేను ఒప్పుకుంటానా? ఆయన ఎవరి పాత్రకూ మూలం కాదు. మా నాన్నకు తండ్రి.

మేనకోడలు: ఒప్పుకోకండి. కానీ నిజంగానే పెట్టేశారనుకోండి. అందులో తాతను తాగుబోతుగానో దొంగగానో రాశారనుకోండి. ఆ పుస్తకం చదివినవాళ్లకు మీరు జవాబు ఎక్కడ చెబుతారు?

మావయ్య: చెప్పను. నవలకు జవాబు చెప్పడమంటే దాన్ని సాక్ష్యంగా ఒప్పుకున్నట్టే. నీకు మాటీ కాలోగ్రీడి సంగతి తెలుసా? మాండలేలో బర్మా రాజు థీబా కొలువులో ఉండేది. తండ్రి గ్రీకు, తల్లి బర్మా మనిషి. సుపయాలత్ రాణికి చెలికత్తె. బోన్విలాన్ అనే ఫ్రెంచి ఇంజనీరును ప్రేమించింది. అతను స్వదేశం వెళ్లి పెళ్లి చేసుకుని భార్యతో తిరిగొచ్చాడు. ఆ కసితో, ఫ్రెంచివాళ్లతో రాజు జరుపుతున్న రహస్య మంతనాల కాగితం సంపాదించి, ఇటలీ కాన్సలు ఆంద్రీనో చేతిలో పెట్టిందనీ, అది ఇంగ్లీషువాళ్లకు అందిందనీ, 1885 యుద్ధం దానివల్లే వచ్చిందనీ కథ. ఎఫ్. టెనిసన్ జెస్సీ అనే ఇంగ్లీషు రచయిత్రి ఆమెను ఫ్యానీ మొరోనీగా మార్చి 1929లో ‘ది లాకర్ లేడీ’ అనే నవల రాసింది. గొప్పగా రాసింది, కాదనను. చదివి పక్కన పెట్టాక ఏం గుర్తుంటుంది? ప్రేమలో దెబ్బతిన్న ఒక పిల్ల రాజ్యాన్ని కూల్చేసిందని.

మేనకోడలు: మరి నిజం?

మావయ్య: నిజం టేకు దుంగల్లో ఉంది. బాంబే బర్మా కంపెనీ దుంగల లెక్క తక్కువ చూపించి సుంకం ఎగ్గొట్టిందని రాజుగారి కొలువు 23 లక్షల రూపాయలు కట్టమంది. కంపెనీ వెళ్లి ఇంగ్లీషు ప్రభుత్వం ముందు మొరపెట్టుకుంది. పైబర్మాలో ఫ్రెంచివాళ్లు కాలు పెడతారేమోనని ప్రభుత్వానికి ముందునుంచీ బెంగ. ఇక సాకు కావాలి, దొరికింది. నవంబరులో పడవలు ఐరావతి ఎక్కాయి, రెండు వారాల్లో రాజును మామూలు ఎడ్లబండి ఎక్కించి రేవుకు తోలుకుపోయారు. ఇదంతా వదిలేసి తప్పంతా ఒక ఆడపిల్ల కసి మీదికి నెట్టేస్తే కంపెనీ చేతులు దులుపుకున్నట్టే కదా! ఆమెకు పుట పెట్టడమంటే ఆ నెట్టడానికి ముద్ర వెయ్యడం.

మేనకోడలు: మావయ్యా, ఇప్పుడు మీరు చెప్పిందే నేను రాయాలనుకున్న పేజీ.

మావయ్య: అంటే?

మేనకోడలు: నవల ఎలాగూ ఉంది, రేపూ ఉంటుంది. నవలకు పేజీ ఉంటుంది, రచయిత్రికి పేజీ ఉంటుంది. మాటీకి లేకపోతే ఏం జరుగుతుందో తెలుసా? మా దగ్గర దారిమార్పు అని ఒకటుంది. ఒక పేరు కొడితే ఇంకో పేరున్న పేజీకి తీసుకుపోతుంది. ఎవరో ఒకరు మాటీ పేరును ఆ నవలకు దారిమార్పు చేసి పెడతారు. మాటీ ఎవరని వెతుక్కుంటూ వచ్చినవాడు ఫ్యానీని చూసి వెళ్లిపోతాడు. టేకు దుంగల సంగతి, 23 లక్షల సంగతి ఆమె పేరు కిందే రాయాలి. అది తీసుకుపోయి బాంబే బర్మా కంపెనీ పేజీలో పెడితే మాటీ కోసం వచ్చినవాడికి కనిపించదు.

మావయ్య: మనిషి పేరు కొడితే పాత్ర తెరుచుకుంటుందా?

మేనకోడలు: తెరుచుకుంటుంది.

మావయ్య: అది పాపం కదమ్మా!

ఇక్కడ నా మాట. కథకుడు మనుషుల్ని తీసుకోకుండా కథ రాయలేడు, ఆ స్వేచ్ఛ మీద నాకు పేచీ లేదు. బెంగాలీ నవలాకారుడు శరత్‌బాబు 1903 నుంచి 1916 దాకా ఈ ఊళ్లోనే గుమాస్తాగిరీ చేశాడు, రేవు పక్క మిస్త్రీల వాడలో కాపురం ఉన్నాడు. ప్లేగులో భార్యా బిడ్డా పోయారు. 1912లో ఇల్లు తగలబడి ‘చరిత్రహీనులు’ రాతప్రతి బూడిదయింది. ఆయన ఊరు వదిలిన 1916లోనే ‘శ్రీకాంత్’ పత్రికలో మొదలైంది. అందులో ఇంద్రనాథుడు భాగల్పూరులో ఆయన చిన్ననాటి స్నేహితుడు రాజేంద్రనాథ్ మజుందారే. శరత్‌ను మన రచయితే అనుకుని చదివిన తెలుగు ఇళ్లలో ఇంద్రనాథుడు ఇంటి మనిషి. చీకట్లో గంగ మీద పడవ నడిపిన ఆ తెగువను ఎంతమంది ప్రేమించలేదు! ఆ తెగువ ఎవరిదో ఆ రాజేంద్రనాథుడి పేరు మాత్రం మనలో ఎవరికీ తెలియదు. అతనికి తన పేరు మీద నాలుగు వాక్యాలు ఉండాలంటాను. అతను ఎక్కడివాడు, ఏం చేశాడు, ఏమైపోయాడు, దొరికినంత. ఇంద్రనాథుడి సంగతి అయిదో వాక్యంలో వస్తే చాలు. నాలుగు వాక్యాలు దొరక్కపోతే మూడు. అసలేమీ దొరక్కపోతే పేజీ వద్దు. నవలలోంచి తెచ్చి ఆ ఖాళీ పూరించడం మాత్రం తప్పు, ఎంత ప్రేమతో పూరించినా తప్పే. అమ్మాయి కోరిక నాకు నచ్చింది. మావయ్య భయం లేకపోతే ఆ కోరికకు కాపలా లేదు.

మావయ్య: సరే, మాటీ పోయి చాలాకాలమైంది, ఆమె సంగతి అలా ఉంచు. బతికున్నవాళ్ల మాటేమిటి? క్రిస్టఫర్ రాబిన్ మిల్న్ అని ఒకాయన. తండ్రి రాసిన ఎలుగుబంటి బొమ్మ కథల్లో తన పేరే పెట్టేశాడని ఆ పిల్లవాడు బళ్లో ఏడిపింపులు పడ్డాడు, పెద్దయ్యాక కూడా ఆ బాధ తీరలేదు. చివరికి 1974లో తన కథ తనే పుస్తకంగా రాసుకున్నాడు. అందరికీ ఆ ఓపిక ఉంటుందా? నన్ను వదిలెయ్యండి బాబూ అనేవాళ్ల పేరు బయటపెట్టే హక్కు నీకెవరిచ్చారు?

మేనకోడలు: ఎవరూ ఇవ్వలేదు. బతికున్నవాళ్లు తమంతట తాము బయటికొచ్చి చెప్పుకుంటే తప్ప రాయను. ఇది నేను ఒప్పుకుంటాను. కానీ పేరు దాచడం ఎప్పుడూ ఎవరి మేలు కోసమో కూడా చూడండి. ఈ ‘బర్మీస్ డేస్’నే చూడండి. పరువునష్టం దావా పడుతుందని భయపడి లండన్ ప్రచురణకర్తలు ముందు వెయ్యలేదు. 1934లో న్యూయార్కులో అచ్చయింది. 1935లో గోలాన్జ్ వేసినప్పుడు పేర్లు మార్చారు. లాకర్‌స్టీన్ కుటుంబం లాటిమర్ కుటుంబం అయింది. ఊ పో చిన్ ఊ పో సింగ్ అయ్యాడు. డాక్టర్ వీరాస్వామి ఏమయ్యాడో తెలుసా? మూర్ఖస్వామి.

మావయ్య: ఏమిటీ?

మేనకోడలు: మూర్ఖస్వామి. 1944లో పెంగ్విన్‌వాళ్లు వేసేదాకా ఇంగ్లండులో ఆయన పేరు అదే. కోర్టుకెక్కగల దొరల పరువు పోకూడదని ఇంత జాగ్రత్త పడ్డవాళ్లు, మన డాక్టరుకు పెట్టడానికి వెతికి వెతికి ఈ పేరు పట్టుకొచ్చారు. నవలంతా చదివితే ఆ ఊరి క్లబ్బులో కూర్చున్నవాళ్లందరికంటే చదువుకున్నవాడు ఆయనే. చివరికి ఉద్యోగం దించేసి మాండలేకు బదిలీ చేస్తారు. వీరాస్వామి వెనక నిజంగా ఒక డాక్టరు ఉన్నాడో లేడో, ఉంటే ఆయన ఏ ఊరి నుంచి ఓడెక్కాడో వెతకాలని నాకు అనిపించిందంటే తప్పా?

మావయ్య: వెతకడం తప్పు కాదు. దొరకకముందే దొరికిందని రాయడం తప్పు. (ఆ జెరాక్స్ పుస్తకం తీసుకుని, వీరాస్వామి పేరున్న పేజీ ఒకటి చాలాసేపు చూశాడు.) ఈ పేరు నన్నూ గుచ్చింది. అయితే నీ కూలీకి అది కూడా లేదు. మార్చడానికైనా ఒక పేరుండాలి కదా.

మేనకోడలు: అదే నా బాధ. డాక్టరుకు ఆఖరికి ఒక తప్పుడు పేరైనా దొరికింది. ఏనుగుకు ఖరీదు కట్టారు. కూలీకి రెండూ లేవు.

మావయ్య: అతని పేరు మీద పుట పెట్టలేవు, ఒప్పుకో. పేరు లేనివాడికి పేరు పెట్టే హక్కు ఆర్వెల్‌కూ లేదు, నీకూ లేదు. అతను వచ్చిన గుంపు గురించి రాయి. 1931 లెక్కల్లో ఈ ఊరి జనాభా నాలుగు లక్షలు, అందులో సగానికి పైగా ఇండియావాళ్లు. వాళ్లలో మన కూలీలు ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, మేస్త్రీ ఎంత పట్టుకునేవాడు, ఇవన్నీ రాసినవాళ్లున్నారు. ఇ. జె. ఎల్. ఆండ్రూ 1933లో ‘ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్’ అని పుస్తకమే వేశాడు. 1941లో బాక్స్‌టర్ నివేదిక వచ్చింది. ఇవి మీకు పనికొచ్చే మూలాలే కదా?

మేనకోడలు: పనికొస్తాయి. కానీ గుంపులో కలిపేస్తే అతను మళ్లీ గుంపులో ఒకడే అయిపోతాడు మావయ్యా. కథలోనూ అదే జరిగింది.

మావయ్య: అవుతాడు. దానికి నా దగ్గర మందు లేదు. ఉందని నువ్వు చెబితే నమ్మను.

మేనకోడలు: ఇలా చేస్తాను. ‘షూటింగ్ యాన్ ఎలిఫెంట్’ వ్యాసానికి తెలుగు పేజీలో కూలీ గురించి వేరే ఒక విభాగం పెడతాను. కోరంగీ అంటే ఎవరో, ఆ చావు జరిగిందనడానికి రుజువు లేదనీ, గెజెట్ వార్త సంగతీ రాస్తాను. రంగూన్ తెలుగు కూలీల మీద విడిగా వ్యాసం మొదలుపెడతాను. ముందు మొలకగానే, అంటే నాలుగు ముక్కల చిన్న వ్యాసంగానే ఉంటుంది, పరవాలేదు. మాటీకి మాత్రం సొంత పేజీ. అందులో మీతో రాజీ లేదు.

మావయ్య: మాటీకి రాయి. యుద్ధానికి కారణం అనే మాట ఆమె పేరు పక్కన పెట్టకు.

మేనకోడలు: పెట్టను.

మావయ్య: కూలీల వ్యాసంలో మొదటి పేరాలో ఆర్వెల్ రాకూడదు. కింద ఎక్కడో రానీ, ఏనుగునూ రానీ. ముందు కోరంగి రేవు రాయి, ఓడ టిక్కెట్టు రాయి, మేస్త్రీ అప్పు రాయి. బస్తా ఎన్ని మణుగులుండేదో రాయి. తాత ఎప్పుడూ చెప్పేవాడు, దాన్ని వీపు మీదికి ఎత్తేటప్పుడు...

మేనకోడలు: బస్తా బరువుకు మూలం కావాలి మావయ్యా. తాత చెప్పాడంటే కుదరదు.

మావయ్య: ఆండ్రూ పుస్తకంలో ఉందేమో చూడు. లేకపోతే రాయకు.